సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: కారణం పట్టుకునే పద్ధతి

తాళం తిప్పితే సెల్ఫ్ మోటార్ శుభ్రంగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇలాంటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లగ్గులు, ఆపైన పెట్రోల్ పంపు అంటూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. వేలకు వేలు ఖర్చయ్యాక చివరికి దొరికేది ఏ ఎలుకో కొరికిన వైరు, లేదా వేడెక్కితే పనిచేయని ఒక చిన్న సెన్సర్.

సెల్ఫ్ మామూలు వేగంతో తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, దాని రిలే చాలావరకు బాగున్నట్టే. ఇక ఇంజిన్‌కి కావలసినవి నాలుగు: పెట్రోల్ అందాలి, స్పార్క్ పడాలి, గాలి లోపలికి వెళ్ళి కంప్రెషన్ రావాలి, ఈ మూడూ సరైన క్షణంలో జరగాలి. వీటిలో ఏది లేదో పరీక్షతో తేలాకే పార్టు కొనాలి. ఆ పరీక్షల్లో సగానికి పనిముట్లు కూడా అక్కర్లేదు.

రోడ్డు మీద ఆగిపోతే ముందు ఇది

తిరుమల ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో, పలమనేరు దారిలో మొగిలి ఘాట్‌లోనో బండి ఆగిపోతే వాలు మీద దొర్లించి స్టార్ట్ చేద్దామని ఎప్పుడూ చూడవద్దు. ఇంజిన్ తిరగకపోతే పెడల్‌కి బలం కలిపే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఉండదు. రెండు మూడు సార్లు పెడల్ నొక్కేసరికి మిగిలి ఉన్న వాక్యూమ్ కూడా అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, హజార్డ్ లైట్లు వేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అసలు సెల్ఫ్ బాగా తిరుగుతున్న బండిని నెట్టడం వల్ల ఉపయోగమే లేదు. నెట్టుడు చేసేది సెల్ఫ్ మోటార్ పనే, అది ఇప్పటికే జరుగుతోంది. పైగా కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరుతుంది.

ముందు చెవులతో వినండి

మామూలు ఇంజిన్‌ని సెల్ఫ్ నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పుతుంది. ఒక్కో సిలిండర్ కంప్రెషన్‌కి వచ్చినప్పుడల్లా కొంచెం బరువెక్కి, మళ్ళీ తేలికై, ఒక లయలో వినిపిస్తుంది.

ఆ లయ నెమ్మదిగా, ఈడ్చుకుంటూ ఉంటే బ్యాటరీ నీరసంగా ఉంది. సెల్ఫ్ తిరిగినంత మాత్రాన బ్యాటరీ బాగుందని కాదు. సుమారు 8 వోల్టులకు కూడా సెల్ఫ్ ఎలాగో తిరుగుతుంది కానీ ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూకీ, స్పార్క్ పుట్టించే కాయిల్స్‌కీ, పెట్రోల్ చిమ్మే నాజిళ్ళకీ ఆ కరెంటు చాలదు. మల్టీమీటర్ పెట్టి చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటే నిండు ఛార్జి, 12.2 ఉంటే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీని గానీ టెర్మినల్స్‌ని గానీ సరిచేసిన తర్వాతే మిగతా పరీక్షలు. నెగటివ్ కేబుల్ బాడీకీ గేర్‌బాక్స్‌కీ కలిసే చోట తుప్పు ఉందేమో కూడా చూడాలి.

లయ అనేదే లేకుండా గిర్రున, తేలిగ్గా, మామూలు కంటే వేగంగా తిరిగితే వెంటనే ఆపేయండి. పిస్టన్లకూ వాల్వులకూ లయ కలిపే టైమింగ్ బెల్టు తెగినా, చైన్ జారినా ఇలాగే ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఆ స్థితిలో పిస్టన్లు వెళ్ళి వాల్వులకు తగులుతాయి. ఇంకొక్కసారి చూద్దామని కొట్టే సెల్ఫ్ ఇంకొన్ని వాల్వులు వంచుతుంది.

లయ మామూలుగానే ఉంటే ముందుకు సాగండి. ఒక్కో విడతకు 5 నుంచి 10 సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టి, కనీసం అర నిమిషం ఆపాలి. ఆగకుండా కొడితే సెల్ఫ్ మోటార్ కాలుతుంది, ప్లగ్గులు పెట్రోల్‌లో తడిసి అసలు కారణం కనబడకుండా పోతుంది.

మీటర్ బోర్డు చెప్పే సంగతులు

తాళం ఆన్‌లో పెట్టండి. బటన్ స్టార్ట్ బండి అయితే బ్రేక్ గానీ క్లచ్ గానీ నొక్కకుండా బటన్ రెండు సార్లు నొక్కాలి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. అది అసలు వెలగలేదంటే ఈసీయూకే కరెంటు వెళ్ళడం లేదు. పంపు, ప్లగ్గులు వదిలేసి మెయిన్ రిలే, ఈసీయూ ఫ్యూజు, ఎర్త్ వైర్లు చూడాలి.

తాళం బొమ్మ ఉన్న లైటు టపటపా కొట్టుకుంటూ ఉంటే దొంగతనం ఆపడానికి పెట్టిన ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగిపోతుంది, కొన్నింటిలో అసలు అందుకోదు. గుత్తిలోని వేరే బండ్ల తాళాలు తీసేసి ప్రయత్నించండి, తర్వాత ఇంట్లో ఉన్న రెండో తాళంతో చూడండి. స్మార్ట్ కీలో సెల్ అయిపోతే కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు గుర్తిస్తాయి. చాలా కీల్లో ఉండేది సీఆర్2032 సెల్.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందా? కదిలితే, ఇంజిన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) తిరుగుడిని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్ పనిచేస్తోందని చాలావరకు నమ్మవచ్చు. కదలకపోతే అనుమానించాలి కానీ తీర్పు ఇవ్వకూడదు, ఎందుకంటే కొన్ని మోడళ్ళలో సెల్ఫ్ వేగానికి ముల్లు కదలదు.

పెట్రోల్ ముల్లునీ గుడ్డిగా నమ్మవద్దు. అడుగున నాలుగు లీటర్లు ఉన్న బండిని ఘాట్ వాలులో ఆపితే పెట్రోల్ ఒక పక్కకు చేరి పంపుకు అందదు. గేజి ఫ్లోట్ చెడితే పావు ట్యాంకు చూపిస్తూనే ఖాళీ అవుతుంది. అనుమానం ఉంటే ఐదు లీటర్లు పోసి చూడటమే చౌకైన పరీక్ష.

పెట్రోల్ అందుతోందా

కిటికీలు మూసి, ఏసీ, పాటలు ఆపి, ఇంకొకరిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. తాళం ఆన్ చేయగానే సీటు కింద నుంచి సుమారు 2 సెకన్లు సన్నగా గుయ్ అనే శబ్దం రావాలి. అది పంపు. కొన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లలో డ్రైవర్ తలుపు తీసినప్పుడే ఈ శబ్దం వస్తుంది.

శబ్దం రాకపోతే ఈ వరుసలో వెళ్ళండి. పంపు ఫ్యూజు చూడండి, చాలా కార్లలో 15 లేదా 20 ఆంపియర్లది ఉంటుంది. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. మళ్ళీ కాలితే పంపు బిగుసుకుంది, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరింగే. ఆ తర్వాత పంపు రిలే. హారన్ రిలే అదే నంబరు, అన్నే పిన్నులు ఉన్నదైతే రెండూ మార్చి పెట్టి చూడండి. పంపు శబ్దం వచ్చి హారన్ ఆగిందా, రిలే దొరికినట్టే.

అప్పటికీ రాకపోతే వెనక సీటు ఎత్తి పంపు కనెక్టర్ దగ్గర టెస్ట్ లాంప్ పెట్టండి. తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లు లాంపు వెలిగి, ఎర్త్ కూడా బాగుండి పంపు తిరగకపోతే పంపే పోయింది. లాంపు వెలగకపోతే పంపు మార్చి ప్రయోజనం లేదు, కరెంటు దారిలో తెగింది. తిరుమల ట్రిప్పులు కొట్టే ట్యాక్సీలలో ఇక్కడ ఇంకో మూల తప్పక చూడాలి. బయట బిగించిన జీపీఎస్ ట్రాకర్, సెక్యూరిటీ అలారంల రిలేని చాలాసార్లు పంపు వైరుని కోసి మధ్యలో పెడతారు. టేపు చుట్టి వదిలేసిన ఆ జాయింటు డాష్‌బోర్డు కింద ఎండకీ కుదుపుకీ వదులవుతుంది.

కొన్ని ఫోర్డ్, ఫియట్ కార్లలో గుద్దుకున్నప్పుడు పెట్రోల్ ఆపేసే స్విచ్ ఉంటుంది. పెద్ద గుంతలో ధబీమని పడ్డా అది ఎగిరి ఉండొచ్చు, పైనున్న బటన్ నొక్కితే సరి.

పంపు తిరుగుతున్నంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు. గేజి పెట్టి చూస్తే మామూలు పెట్రోల్ కార్లలో 3 నుంచి 4 బార్ ఉండాలి. తాళం ఆపాక వెంటనే సున్నాకి పడిపోకూడదు. పడిపోతే పంపులోని చెక్ వాల్వు గానీ రెగ్యులేటర్ గానీ కారుతోంది, లేదా నాజిల్ కారుతోంది. గేజి లేకపోతే ఒక ఉపాయం: తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆపండి, ఇలా మూడు నాలుగు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. బండి అందుకుంటే ప్రెషర్ నిలవడం లేదు.

పెట్రోల్ పోయించుకున్న వెంటనే మాత్రమే మొరాయించి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే అందుకునే బండిలో పంపుని వదిలేయండి. ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయి, మిశ్రమాన్ని పాడు చేస్తోంది.

స్పార్క్ పడుతోందా

ఒక ప్లగ్గు విప్పి చూస్తే చాలా తెలుస్తుంది. కొన్నిసార్లు సెల్ఫ్ కొట్టాక కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ లేదు, లేదా ఎక్కువైపోయి ముంచేసింది. ముంచేసిన ఇంజిన్‌కి యాక్సిలరేటర్ అడుగుదాకా నొక్కిపట్టి 5 సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. చాలా కార్లలో ఈసీయూ ఇలా చేసినప్పుడు నాజిళ్ళను ఆపేస్తుంది, గాలి వెళ్ళి సిలిండర్లు ఆరతాయి. ఇంజిన్ అందుకోగానే కాలు తీసేయండి.

స్పార్క్‌ని చేత్తో పట్టుకుని చూడకండి. ఇప్పటి కాయిల్స్ 20,000 వోల్టులకు పైగా ఇస్తాయి. తక్కువ ధరకే దొరికే స్పార్క్ టెస్టర్ వాడండి. ముందు పంపు ఫ్యూజు తీసి, నాజిల్ కనెక్టర్లు ఊడదీయాలి, లేకపోతే విప్పిన ప్లగ్గు రంధ్రం నుంచి చిమ్మే పెట్రోల్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. నీలంగా, చిటపటమనే స్పార్క్ కావాలి. పసుపు రంగులో, సన్నగా ఉంటే బలం లేదు. ప్లగ్గు గ్యాప్ చాలా పెట్రోల్ ఇంజిన్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్లు, మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ప్రతి ప్లగ్గుకీ వేరే కాయిల్ ఉన్న ఇంజిన్‌లో అన్ని కాయిల్స్ ఒకే రోజు పోవు. ఒక కాయిల్ పోతే బండి అదురుతూనైనా స్టార్ట్ అవుతుంది. ఏ సిలిండర్‌లోనూ స్పార్క్ లేదంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే వెతకాలి: కాయిల్స్‌కి కరెంటిచ్చే ఫ్యూజు, మెయిన్ రిలే, ఎర్త్, క్రాంక్ సెన్సర్. నాజిళ్ళకీ ఇదే లెక్క. నాలుగు కాయిల్స్ ఒకేసారి మార్చమని ఎవరైనా చెబితే, ఏ పరీక్షలో ఏం తేలిందో అడగండి.

క్రాంక్ సెన్సర్: మన ఎండకి, మన ఘాట్లకి మొదటి అనుమానం

క్రాంక్ ఎక్కడ తిరుగుతోందో చెప్పే సిగ్నల్ లేకపోతే ఈసీయూ స్పార్కూ ఇవ్వదు, నాజిళ్ళూ తెరవదు. పంపుని కూడా ఆపేస్తుంది. అందుకే ఈ ఒక్క సెన్సర్ పోతే అన్నీ పోయినట్టు కనిపిస్తుంది.

దీని గుర్తు చాలా స్పష్టం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. రెండో ఘాట్ రోడ్డు ఎక్కి తిరుమలలో పార్కింగ్ చేసి, పదిహేను నిమిషాల్లో తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే అందుకోదు. ఓ ముప్పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ ఆపాక రేడియేటర్ ఫ్యాను, గాలి రెండూ ఆగి, బ్లాకు వేడంతా చుట్టూ ఉన్న భాగాలకు పాకుతుంది. గేర్‌బాక్స్ చేరే చోటో, క్రాంక్ పుల్లీ దగ్గరో ఉండే సెన్సర్‌లోని సన్నని చుట్ట ఆ వేడికి తెగి, చల్లారాక మళ్ళీ కలుస్తుంది.

కాబట్టి చల్లటి బండిని షెడ్డుకు తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే ఏమీ దొరకదు. మొరాయిస్తున్నప్పుడే పట్టుకోవాలి. సెన్సర్ చేతికి అందే చోట ఉంటే, కనెక్టర్ తడవకుండా, తడిగుడ్డ దాని మీద కాసేపు వేసి సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే దొంగ దొరికినట్టే. స్కానర్ ఉంటే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. 150 నుంచి 300 మధ్య కనిపించాలి. సున్నా ఉంటే లోపం సెన్సర్‌లో, దాని వైరులో, లేదా క్రాంక్‌తో తిరిగే పళ్ళ చక్రంలో. రెండు వైర్ల సెన్సర్‌ని మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో చూడవచ్చు, చాలావాటికి కొన్ని వందల నుంచి వెయ్యి చిల్లర ఓమ్స్ ఉంటుంది. మూడు వైర్ల హాల్ సెన్సర్‌కి ఓమ్స్ పరీక్ష పనికిరాదు, దానికి కరెంటు, ఎర్త్, సిగ్నల్ విడివిడిగా చూడాలి. కొత్తది వేసే ముందు పాతదాని మొనకు ఇనుప రజను పట్టి ఉందేమో చూడండి. తుడిస్తే పనిచేసిన సందర్భాలూ ఉంటాయి.

వాల్వులను తెరిచే ఇరుసు (క్యామ్) ఎక్కడుందో చెప్పే క్యామ్ సెన్సర్ పోతే చాలా కార్లు ఎక్కువసేపు సెల్ఫ్ తిన్నా చివరికి స్టార్ట్ అవుతాయి.

స్కానర్ కోడ్లు ఎలా చదవాలి

గత పదేళ్ళ కార్లకి స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఫోన్‌కి కలిసే చిన్న బ్లూటూత్ పరికరం చాలు. పీ0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పీ0340 క్యామ్ సెన్సర్, పీ0230 పంపు సర్క్యూట్, పీ0351 మొదటి కాయిల్, పీ0087 రైల్ (నాజిళ్ళకు ఇంధనం పంచే పైపు) ప్రెషర్ తక్కువ, యూ0100 ఈసీయూతో మాట కలవడం లేదు. పీ0335 వచ్చిందంటే సెన్సర్ పోయిందని కాదు, ఆ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే. వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. ఏ కోడూ లేకపోయినా నిరాశ పడనక్కర్లేదు. పంపు నీరసించడం, కంప్రెషన్ లేకపోవడం చాలా కార్లలో కోడ్లు రాయవు.

కోడ్ల కంటే లైవ్ డేటా ఎక్కువ చెబుతుంది. తెల్లవారి చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత బయటి గాలికి దగ్గరగా, 25 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. మైనస్ 40 చూపిస్తే సెన్సర్ వైరు తెగింది. ఈసీయూ హిమాలయాల్లో ఉన్నాననుకుని పెట్రోల్ గుమ్మరిస్తుంది, ప్లగ్గులు మునుగుతాయి.

ఎలుకలు, వాన, నీళ్ళు కలిసిన పెట్రోల్

చంద్రగిరి, పాకాల, కాణిపాకం చుట్టుపక్కల మామిడి తోటల్లో, చెరకు చేల పక్కన రెండు మూడు రోజులు కదలకుండా ఉన్న బండి స్టార్ట్ కాకపోతే ముందు బోనెట్ ఎత్తి టార్చి వేయండి. నాజిళ్ళ మీదుగా వెళ్ళే వైర్లు, ఆక్సిజన్ సెన్సర్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూడాలి. పెంటికలు, నమిలిన స్పాంజి, ఫిల్టర్‌లో గడ్డి కనిపిస్తే వైరింగ్ మొత్తం చేత్తో తడిమి చూడండి. తెగిన వైరుని మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవు వేయాలి.

నవంబరు, డిసెంబరు వానల్లో, ముఖ్యంగా 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినలాంటి వానల్లో, అండర్‌పాస్ నీళ్ళలో ఆగిపోయిన బండికి సెల్ఫ్ కొట్టనే కొట్టకండి. సిలిండర్‌లో నీళ్ళుంటే నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే ప్లగ్గులన్నీ విప్పి నీళ్ళు బయటికి తీశాకే సెల్ఫ్.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ట్యాంకులోకి నీళ్ళు చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, పంపు పీల్చేది అడుగు నుంచే. గాజు సీసాలో ఒక గ్లాసెడు పెట్రోల్ తీసి అరగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడితే ట్యాంకు మొత్తం దించి కడగాలి.

సీఎన్‌జీ బండ్లు చాలావరకు పెట్రోల్ మీద స్టార్ట్ అయి తర్వాత గ్యాసుకు మారతాయి. గ్యాసు ఉంది కదా అని పెట్రోల్ ట్యాంకు ఎండబెడితే పంపుకి చల్లదనం ఉండదు, కాలిపోతుంది. పది లీటర్లు ఎప్పుడూ ఉంచండి.

డీజిల్ అయితే

స్పార్క్ లేదు కాబట్టి సైలెన్సర్ దగ్గర నిలబడి చూడాలి. సెల్ఫ్ కొడుతుంటే తెల్ల పొగ వస్తే డీజిల్ అందుతోంది కానీ మండడం లేదు. పొగే లేకపోతే డీజిల్ సిలిండర్‌లోకి చేరడం లేదు.

ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టర్ మార్చినా డీజిల్ పైపుల్లో ఎయిర్ పడుతుంది. ఫిల్టర్ మీద గానీ పైపులో గానీ ఉన్న చేతి పంపుని గట్టిపడేదాకా నొక్కాలి. పారదర్శక పైపు ఉంటే బుడగలు కనిపిస్తాయి. ఫిల్టర్ అడుగున ఉన్న మర తిప్పి నీళ్ళు వదలండి.

కామన్ రైల్ ఇంజిన్‌లో సెల్ఫ్ మీద రైల్ ప్రెషర్ సుమారు 150 నుంచి 250 బార్ దాటితేనే ఈసీయూ ఇంజెక్టర్లు తెరుస్తుంది. స్కానర్‌లో అది రాకపోతే ముందు ఫిల్టర్, ఎయిర్, ట్యాంకు పంపు చూసి, తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ కొట్టండి. ఒక్క సీసా మిగతావాటికంటే చాలా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ ప్రెషర్‌నంతా వెనక్కి వదిలేస్తోంది. ఇది చేయకుండా ఖరీదైన హై ప్రెషర్ పంపు మార్చడానికి ఒప్పుకోవద్దు. రైల్ పైపులు మాత్రం వదులు చేసి చూడకండి, ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మన వాతావరణంలో, చలిలో సిలిండర్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గుల వల్ల బండి అసలే స్టార్ట్ కాకపోవడం అరుదు. పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం వాడే బీఎస్6 డీజిల్ అయితే అది అయిపోయిందన్న సందేశం మీటర్లో ఉందేమో చూడండి. ఆ లెక్క సున్నాకి చేరితే ఈసీయూనే స్టార్ట్ కానివ్వదు. పొరపాటున డీజిల్ బండిలో పెట్రోల్ పోస్తే తాళం ఆన్ కూడా చేయకుండా ట్యాంకు దించాలి.

అన్నీ ఉన్నా అందుకోకపోతే: కంప్రెషన్, టైమింగ్

పెట్రోల్ ఉంది, స్పార్క్ ఉంది, గాలి దారి శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఇంజిన్ లోపలే. బెల్టు అనుమానానికి చౌక పరీక్ష ఒకటుంది. ఆయిల్ పోసే మూత తీస్తే క్యామ్ కనిపించే ఇంజిన్లలో, సెల్ఫ్ కొట్టకుండా ఒకరు క్రాంక్ బోల్టుకి పానా పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూడాలి. క్యామ్ కదలకపోతే బెల్టు తెగింది.

కంప్రెషన్ చూడాలంటే ప్లగ్గులన్నీ విప్పి, పంపు ఫ్యూజు, కాయిల్, నాజిల్ కనెక్టర్లు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు తిప్పాలి. ఆరోగ్యమైన పెట్రోల్ ఇంజిన్‌లో సుమారు 10 నుంచి 13 బార్ వస్తుంది, సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం మించకూడదు. ఒక్క సిలిండర్ తక్కువ ఉంటే బండి అదురుతుందే గానీ స్టార్ట్ కాకుండా ఉండదు. అన్నీ సమానంగా తక్కువగా ఉంటే టైమింగ్ జారింది, లేదా ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసింది. రెండోదో కాదో తేల్చడానికి ఒక్కో ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు గానీ కడిగేసిన ఆయిల్ గానీ కారణం. పెరగకపోతే వాల్వులు, టైమింగ్.

బెల్టు తెగిందని తేలితే కొత్త బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, ఆ బెల్టే తిప్పేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి వేయించాలి. గుర్తులు కలిపి బెల్టు ఎక్కించాక సెల్ఫ్‌తో కాకుండా క్రాంక్ బోల్టుకి పానా పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకుండా గుర్తులు మళ్ళీ సరిచూడాలి. సాఫీగా తిరిగితే కవర్ బిగించకముందే ఇంకోసారి కంప్రెషన్ చూడాలి. అన్ని సిలిండర్లలో సరైన అంకె వస్తే వాల్వులు వంగలేదు, కవర్ మూసేయవచ్చు. ఏ ఒక్కదానిలో సున్నాకి దగ్గరగా ఉన్నా హెడ్డు దించాల్సిందే.